నాన్న డాలర్ల పక్కన కొత్త డాలర్

ప్రశ్న: మా నాన్నగారు ఉద్యోగానికి అమెరికా వచ్చిన కొత్తలో మొదలుపెట్టి, ఏడాదికొకటి చొప్పున పాత మోర్గాన్ వెండి డాలర్లు కొని ఆల్బమ్‌లో పెట్టుకునేవారు. మొత్తం 23 ఉన్నాయి. వాటిలో 1884 నాటి సీసీ గుర్తున్నదంటే, అంటే కార్సన్ సిటీలో వేసినదంటే, ఆయనకి ప్రాణం. ఆయన పోయిన ఏడాదికి, 2021లో, అమెరికా మింట్ (నాణేలు వేసే ప్రభుత్వ సంస్థ) అదే బొమ్మతో మళ్ళీ డాలర్లు వేస్తోందని తెలిసింది. నాన్న గుర్తుగా సీసీ ఒకటి కొనుక్కోవాలనుకున్నాను. అమ్మకం రోజు నాకు దొరకలేదు. తర్వాత 85 డాలర్ల నాణేన్ని ఆన్‌లైన్‌లో 260 ఇచ్చి కొన్నాను. ఈమధ్య మా కాయిన్ క్లబ్‌కి పాతదీ కొత్తదీ పట్టుకెళ్తే, ఒక పెద్దాయన కొత్తదాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇది కార్సన్ సిటీ డాలర్ కాదమ్మా, కార్సన్ సిటీ పేరు పెట్టుకున్న డాలర్" అన్నారు. పక్కనున్న ఇంకొకాయన మాత్రం తన దగ్గర ఐదు రకాలూ ఉన్నాయని మురిసిపోయారు. మా అన్నయ్య మాట వేరు. మింట్ ఇలా మళ్ళీ మళ్ళీ వేస్తుంటే పాతవాటిని ఎవరూ కొనరు, ఇప్పుడే అమ్మేద్దాం అంటున్నాడు. నేను మోసపోయానా? పాతవి అమ్మెయ్యాలా? నాన్న ఆల్బమ్‌లో కొత్తది పెట్టొచ్చా? — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో వెంటనే తేల్చాల్సింది మీ అన్నయ్యగారి మాట. అందుకే దాంతోనే మొదలుపెడతాను. ఆల్బమ్ అమ్మకండి. డబ్బు అవసరమై అమ్ముకుంటే అది మీ ఇంటి విషయం, ఎవరూ కాదనరు. కొత్తది వచ్చింది కాబట్టి పాతదాని ధర పడిపోతుందన్న భయంతో మాత్రం అమ్మకండి.

పాత నాణెం ధర నిజంగా పడిపోతే ఎలా ఉంటుందో మోర్గాన్ డాలర్ చరిత్రలోనే ఉంది. 1903లో న్యూ ఆర్లియన్స్‌లో వేసిన డాలర్‌కి, అంటే ఓ గుర్తున్నదానికి, 1960ల మొదట్లో కేటలాగు ధర 1500 డాలర్లు. ఎక్కడా దొరకదని పేరు. 1962 చివర్లో ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) ఖజానాలో ఏళ్ళ తరబడి మూట విప్పని సంచులు బయటికి తీస్తే, అందులోంచి అవే డాలర్లు వేలకి వేలు వచ్చాయి. చూస్తుండగానే ధర పదుల డాలర్లలోకి జారిపోయింది. దాచుకున్నవాళ్ళు ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోవచ్చు. అయితే అక్కడ బయటపడింది అచ్చంగా అదే నాణెం. అదే ఏడాది, అదే ఊరు, అదే అచ్చు. మీరు కొన్నదాని మీద 2021 అని ఉంది. 1884 కోసం వెతికే మనిషి దాన్ని చూసి "సరే, ఇదే చాలు" అనుకోడు. మీ అన్నయ్యగారు భయపడాలంటే ఎక్కడో ఇంకో 1884 సీసీ సంచి బయటపడాలి. అదీ ఒకసారి జరిగిపోయింది, ఆ కథ కిందకి వస్తుంది.

ఇక క్లబ్‌లో పెద్దాయన మాట. అది మిమ్మల్ని ఎక్కువ నొప్పించిందని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. ఆయన చెప్పింది నిజం. నెవాడాలోని కార్సన్ సిటీ మింట్ 1870లో నాణేలు వెయ్యడం మొదలుపెట్టి 1893లో ఆపేసింది. ఆ భవనం ఇప్పుడు రాష్ట్ర మ్యూజియం. ఒకటో నంబరు ప్రెస్సు ఇంకా అక్కడే ఉంది, పతకాలు కొట్టి చూపిస్తారు. న్యూ ఆర్లియన్స్ మింట్ కూడా 1909లో నాణేలు వెయ్యడం ఆపేసింది. 2021లో సీసీ గుర్తుతో, ఓ గుర్తుతో వచ్చిన మోర్గాన్ డాలర్లు రెండూ ఫిలడెల్ఫియాలో వేసినవే. ఏ గుర్తూ లేని మూడోదీ అక్కడిదే. డి, ఎస్ గుర్తులున్నవి మాత్రం నిజంగా డెన్వర్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాయి. మింట్ కూడా ఈ సీసీని మింట్ గుర్తు అని చెప్పలేదు, ప్రివీ మార్క్ అంది, అంటే ఒక జ్ఞాపక చిహ్నం. కానీ దాన్ని పెట్టింది వెనకవైపు, దండ ముడి కింద, సరిగ్గా పాత సీసీ ఉండే చోటే. పెద్దవాళ్ళకి గుచ్చుకున్నది అదే. నాణేలు సేకరించేవాడికి ఆ రెండక్షరాలంటే ఒక ఊరు, అక్కడి కామ్‌స్టాక్ వెండి గనులు, ఆ ప్రెస్సు. ఆ ఊళ్ళో పుట్టనిదానికి ఆ ఊరి పేరు పెట్టడం ఆయనకి తప్పుగా తోచింది. నేను ఆయన్ని తప్పుపట్టను. ఆ గుర్తుని వేరే చోట పెట్టి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం కూడా.

కానీ మీ నాన్నగారి 1884 సీసీ కథ కూడా పూర్తిగా వినండి. ఆ ఏడాది కార్సన్ సిటీలో వేసినవి 11,36,000. వాటిలో సుమారు 9,60,000 ఎవరి చేతికీ అందలేదు. మింట్‌లోంచి సంచుల్లో బయల్దేరి ట్రెజరీ ఖజానాలో పడుకున్నాయి. 1964లో ట్రెజరీ వెండి డాలర్లు ఇవ్వడం ఆపేసినప్పుడు దాదాపు 30 లక్షలు మిగిలాయి, ఎక్కువ భాగం కార్సన్ సిటీవే. వాటిని 1972 నుంచి 1980 దాకా ప్రభుత్వమే విడతలుగా, పోస్టులో, గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి సేకర్తలకి అమ్మింది. అంటే మనం ఊహించుకునేట్టు గని కార్మికుడి జేబులోంచి దుకాణందారు గల్లాలోకి, అక్కడినుంచి పేకాట బల్ల మీదకి తిరిగిన నాణెం కాదది చాలామటుకు. పుట్టిన దగ్గర్నుంచి మూటలో ఉండి, చివరికి సేకర్త ఇంటికే వచ్చింది. మీ కొత్త డాలర్ వచ్చిన దారీ అదే కదా! అన్ని లక్షలు ఒక్కసారి బయటికొచ్చినా 1884 సీసీ విలువ పోలేదు. ఈనాటికీ మామూలు మోర్గాన్ల కంటే ఎక్కువే పలుకుతుంది. అన్నయ్యగారికి ఈ సంగతి కూడా చెప్పండి. అన్నట్టు, నల్ల అట్ట వేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టె నాన్నగారి సామాన్లలో కనిపిస్తే పారెయ్యకండి. ఆ పెట్టెతో పాటు ఉంటే నాణేనికి విలువ ఎక్కువ.

ఇప్పుడు మీకు ఒక చిన్న పని. మీ 23లో 1921 నాటిది ఉండే ఉంటుంది. ఫిలడెల్ఫియా ఒక్కటే ఆ ఏడాది 4 కోట్ల 46 లక్షలకి పైగా వేసింది, మోర్గాన్లలో అన్నిటికంటే సులువుగా దొరికేది అదే. దాన్ని తీసి 1884కీ 2021కీ మధ్య పెట్టండి. అంచులే పట్టుకోండి, బొమ్మ మీద వేలు పడనివ్వకండి. గదిలో లైట్లు ఆర్పేసి ఒక్క టేబుల్ లైటు ఉంచుకోండి. 1884ని దాని కింద మెల్లగా తిప్పితే వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. నాణెం మీది స్త్రీ, లిబర్టీ, బుగ్గ మీద చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. వెయ్యేసి డాలర్ల సంచి 26 కిలోల పైమాటే. ఆ బరువులో నాణేలు ఒకదానికొకటి రాసుకున్న మచ్చలవి. భూతద్దంతో చెవి పైన జుట్టు చూడండి, టోపీ మీద గోధుమ వెన్నులూ విచ్చిన పత్తికాయలూ చూడండి. ఆ తర్వాత 1921. బొమ్మ అదే, కానీ చదునుగా ఉంటుంది. వెనక గద్ద రొమ్ము మీద ఈకలు లోతు తగ్గి, ఏదో తొందరలో గీసినట్టుంటాయి. ఆ తర్వాత కొత్తది. బుగ్గ మీద ఒక్క గాటు లేదు, గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి, వెలుగు మాత్రం నా కంటికి అంతటా ఒకేలా పరుచుకుంటుంది, పాతదానిలా తిరగదు.

ఆ మధ్య నాణెం ఎందుకు చదునుగా ఉందో తెలిస్తే ఈ గొడవంతా వేరేగా కనిపిస్తుంది.

జార్జ్ మోర్గాన్ గీసిన ఈ బొమ్మ 1878లో మొదలై 1904లో ఆగిపోయింది. ఇక అవసరం రాదనుకుని 1910లో మూల అచ్చుల్ని మింట్ నాశనం చేసేసింది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇక్కడ కథ మన దగ్గరికి వస్తుంది. 1918లో ఇండియాలో జనం కాగితం నోట్లు పట్టుకొచ్చి వెండి రూపాయిలిమ్మని అడగడం ఎక్కువైంది. ఇవ్వడానికి బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర వెండి చాలలేదు. అప్పుడు అమెరికా పిట్‌మన్ చట్టం చేసి ఖజానాలోని వెండి డాలర్లు కరిగించింది. మొత్తం 27 కోట్లు కరిగితే, అందులో దాదాపు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండి బ్రిటన్‌కి అమ్మారు. అది ఇండియా రూపాయిల కోసమే. ఏ ఏడాదివి ఎన్ని, ఏ ఊరివి ఎన్ని కరిగాయో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. ఐదో జార్జి బొమ్మున్న 1918 రూపాయి మీ వాళ్ళెవరింట్లోనైనా ఉంటే, అందులో ఒకప్పటి మోర్గాన్ డాలర్ కొంత కలిసి ఉండొచ్చు. నాకు మాత్రం ఆ రూపాయి చూసినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

కరిగించినన్ని డాలర్లు మళ్ళీ వెయ్యాలని ఆ చట్టమే చెప్పింది. అందుకని 1921లో మోర్గాన్ డాలర్ తిరిగొచ్చింది. పాత అచ్చులు లేవు కాబట్టి, అప్పటికి 70 ఏళ్ళు దాటిన మోర్గానే మళ్ళీ కూర్చుని కొత్తగా చెయ్యాల్సొచ్చింది. లోతు తగ్గింది, బొమ్మ చదునైంది. సేకర్తలు దాన్ని చాలా ఏళ్ళు చిన్నచూపు చూశారు. కళ లేదన్నారు, కోట్లలో ఉంది ఎందుకన్నారు. అంటే 2021లో ఏ 1921 నాణేనికి వందేళ్ళ పండగ చేశారో, ఆ నాణెమే ఒక పునర్ముద్రణ! మీ పెద్దాయన లాంటివాళ్ళు దాన్ని కూడా చేతిలోకి తీసుకోలేదు అప్పట్లో. ఇవాళ అది లేకుండా మోర్గాన్ల వరస పూర్తి కాదు. 2021ది కూడా అలాగే అవుతుందని నేను మాటివ్వలేను. తిరిగొచ్చిన బొమ్మ మీద మొదటి తరం సేకర్తలు మొహం చిట్లించడం ఈ డాలర్‌కి కొత్త కాదని మాత్రం చెప్పగలను.

ఇంతకీ పెద్దవాళ్ళ కోపం అంతా నాణెం మీదే అనుకోకండి. చాలామందికి కోపం అమ్మిన తీరు మీద. ఈ నాణేలు కావాలని అడిగి, కాంగ్రెస్‌లో చట్టం అయ్యేదాకా వెంటపడిన వాళ్ళలో సేకర్తలే ఉన్నారు. 2021 జనవరి 5న చట్టమైంది. సీసీ, ఓ రకాలు చెరో లక్షా 75 వేలని పరిమితి పెట్టి, మే 24న అమ్మకానికి పెట్టారు. సైట్ ఆ తాకిడికి తట్టుకోలేకపోయింది, నాణేలు ఆ రోజే అయిపోయాయి. ఆ వెంటనే రెట్టింపుకి మించిన ధరలకి బయట అమ్మకానికి కనిపించాయి. తర్వాత రావలసిన డి, ఎస్ రకాల అమ్మకాన్ని మింట్ ఆగస్టుకి వాయిదా వేసుకుంది. ఇలాంటిది అంతకుముందూ జరిగింది. 2016లో మెర్క్యురీ డైమ్ అనే పాత పది సెంట్ల నాణేనికి వందేళ్ళని బంగారంతో వేసిన లక్షా 25 వేల నాణేలు గంటలోపే దాదాపు అన్నీ అయిపోయాయి. ముప్పై, నలభై ఏళ్ళుగా ఏటా కొంటున్న మనిషి ఆ రోజు ఖాళీ చేతులతో లేచి, మర్నాడు అదే నాణేన్ని మూడింతల ధరకి చూస్తే ఎలా ఉంటుంది? ఆ మంట ఆయన్ని నాణేన్ని కూడా సరిగ్గా చూడనివ్వదు. మీకూ ఆ రోజు దొరకలేదన్నారు కదా. ఈసారి కలిసినప్పుడు ఆ సంగతి ఆయనతో అనండి, మీ ఇద్దరిదీ ఒకే కష్టమని తెలుస్తుంది.

పాత బొమ్మని మళ్ళీ వేస్తే చాలు సేకర్తలు తిడతారనుకోవడం కూడా సరికాదు. 1907లో శిల్పి సెయింట్ గాడెన్స్ చేసిన 20 డాలర్ల బంగారు నాణెం చూడండి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కోరి చేయించింది. ఆయన అనుకున్నంత ఎత్తైన బొమ్మ తేవాలంటే ఒక్కో నాణేన్నీ ప్రెస్సులో పదేపదే కొట్టాలి, చలామణీకి అది కుదరక బొమ్మని తగ్గించేశారు. 2009లో మింట్ కొత్త పద్ధతులతో ఆ ఎత్తుని తెచ్చి చూపించింది. ఇన్నే వేస్తామని ముందుగా పరిమితి పెట్టలేదు, మొదట్లో ఇంటికి ఒకటే ఇచ్చింది. దాన్ని జనం ఇష్టంగా దాచుకున్నారు. శిల్పి అప్పుడు చెయ్యలేకపోయింది ఇప్పుడు చేసి చూపించారు, కావాలన్నవాడికి అందింది. నా దృష్టిలో పాత బొమ్మని మళ్ళీ వెయ్యడానికి అంతకంటే మంచి దారి లేదు. 2021 మోర్గాన్ విషయంలో సంకల్పం మంచిదే, పంచడంలో దెబ్బతింది.

మోసపోయానా అన్నారు. లేదు. మీ చేతిలో ఉన్నది ప్రభుత్వం వేసిన అసలైన నాణెం, చట్టప్రకారం ఒక డాలర్ చెల్లుబాటున్నది. పాతవాటిలో 10వ వంతు రాగి, ఇది 99.9 శాతం వెండి. బరువు దాదాపు అంతే, కాబట్టి వెండి పాతదానికంటే కాస్త ఎక్కువే, 0.858 ట్రాయ్ ఔన్సు. మోసం వేరు, ఎక్కువ పెట్టి కొనడం వేరు. మీరు చేసింది రెండోది. మార్కెట్ బాగా వేడి మీద ఉండగా, మళ్ళీ దొరుకుతుందో లేదోనన్న టెన్షన్‌లో కొన్నారు. ఆ 260 మళ్ళీ వస్తుందా అని రోజూ ధరలు చూసుకోకండి. నాన్న గుర్తు కోసం ఇచ్చారు, అక్కడితో వదిలెయ్యండి. 2022లో ఈ డాలర్లు అసలు వెయ్యలేదు. 2023లో ఎక్కువ సంఖ్యలో వచ్చాయి, కానీ ఫిలడెల్ఫియా నాణేల మీద ఏ గుర్తూ లేదు. సీసీ కావాలనేవాళ్ళు 2021దే వెతుక్కుంటున్నారు. అలాగని ఇంకో నాలుగు కొనకండి. నాణెం ఎంత చక్కగా ఉందో చూసి ఇచ్చే గ్రేడ్‌లో 70కి 70 వచ్చిందని చెప్పి అమ్మేవాటికి ఎక్కువ పొయ్యకండి. ఈరోజుల్లో మింట్‌లోంచి నేరుగా క్యాప్సూల్‌లోకి, అంటే ప్లాస్టిక్ డబ్బీలోకి, వెళ్ళే నాణేలకి 69, 70 రావడం వింతేమీ కాదు. పాతవాటికి 65 రావడమే గొప్ప.

ఆల్బమ్‌లో పెట్టొచ్చు. పెట్టండి. కానీ 1884 పక్క ఖాళీలో కాదు, చివర 1921 తర్వాత వేరే పేజీలో, క్యాప్సూల్‌తో సహా. మెత్తటి వెండి, ఊరికే గీతలు పడుతుంది. పక్కన చిన్న చీటీ పెట్టండి: "2021, ఫిలడెల్ఫియాలో వేసింది, సీసీ జ్ఞాపక గుర్తుతో. నాన్న కోసం కొన్నాను." అసలు సంగతి ఆ చీటీ మీద ఉన్నాక పేరు పెట్టుకున్న డాలరని ఎవరూ అనడానికి లేదు.

పాతవాటి మీద నల్లగానో, గోధుమ రంగుగానో, అంచుల్లో నీలంగానో రంగు పట్టి ఉంటే అది మురికి కాదు. టూత్‌పేస్టు, వెండి పాలిష్, పొడిగుడ్డ, ఏదీ తగలనివ్వకండి. ఒక్కసారి తోమితే ఆ చక్రంలా తిరిగే వెలుగు పోతుంది, మళ్ళీ రాదు. మీ కొత్త డాలర్ కంటే నాకు బెంగగా ఉన్నది ఆల్బమ్ పేజీల గురించే. పాతకాలపు మెత్తటి ప్లాస్టిక్ పేజీల్లో చాలావాటిలో పీవీసీ ఉండేది. అది ఏళ్ళ మీద కరిగి, ఆకుపచ్చ జిగురులా నాణేనికి అంటుకుని వెండిని తినేస్తుంది. పేజీ ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త రెయిన్‌కోట్ వాసన వస్తే అనుమానించండి. నాణెం మీద ఆకుపచ్చగా ఏమైనా కనిపిస్తే మీరు తుడవకండి. ఆల్బమ్ అలాగే పట్టుకుని క్లబ్‌కి వెళ్ళి, ఆ పెద్దాయనకే చూపించండి. ఆయన తరం వాళ్ళు ఆ జిగురుని చాలాసార్లు చూసి ఉంటారు. మీ నాన్నగారి 1884ని మాత్రం ఆయన చేతిలోకి తీసుకుంటారు.